దెమ్యానా అడిగిన శుక్రవారం

మా పిల్లల వార్డులో దెమ్యానా వజీహ్ అనే డాక్టరు ఉందని, కైరోకి ఉత్తరాన ఉన్న మా తాంతా ఊళ్ళో సగం మంది తల్లులకు తెలుసు. మిగిలిన సగానికి పేరు తెలియదు, "ఆ పొట్టి డాక్టరమ్మ" అంటారు. పొట్టిదే. మందుల అలమారా పై అరలో ఏదైనా కావాలంటే స్టూలు లాక్కోవాలి, స్టూలు దొరక్కపోతే నన్ను పిలవాలి. జుట్టుకు రబ్బరు బ్యాండు ఎప్పుడూ ఉండదు, కట్లు కట్టే గాజుగుడ్డ ముక్కతో ముడేస్తుంది. తెల్లకోటు జేబులో స్టెతస్కోపు కన్నా బిస్కెట్ ముక్కలే ఎక్కువ. నెల పసివాణ్ణి పరీక్ష చేసేటప్పుడు కూడా పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. "ఏం పాషాగారూ, రాత్రంతా దగ్గారట, ఇంట్లోవాళ్ళని నిద్రపోనివ్వలేదట, మర్యాదేనా మీకు?" అంటుంది. పాషాగారు ఏడుపు ఆపి ఆమె మొహంలోకి చూస్తారు. అదే మాట నేనంటే ఇంకా గట్టిగా ఏడుస్తారు. నా గొంతు అలాంటిది.

నేను రబాబ్‌ని. ఆమె చేరిన నెలలోనే, అదే వార్డులో చేరాను. జూనియర్ డాక్టర్లం నలుగురమే. మూడోవాడు హాజిమ్, కఫ్ర్ అష్షేఖ్ వైపు పల్లెటూరివాడు. మనిషీ పెద్దే, గొంతూ పెద్దదే, గదిలోకి అతను రాకముందే అతని మాట వస్తుంది. నాలుగోది నిహాల్, దమన్‌హూర్ అమ్మాయి. టీ తాగుతావా అని అడిగినా ఆలోచించి చెబుతానంటుంది. నలుగురిలో కోపం నాది, తిండి హాజిమ్‌ది, ఆలోచన నిహాల్‌ది. పని మాత్రం దెమ్యానాది.

వాళ్ళ నాన్న వజీహ్ మామ కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. బజారులో ఇరుకు కొట్టు, లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో నిలబడాలి. మిషను ఆగిపోయిందని ఏ దర్జీ అయినా వస్తే, అన్నం ముందు కూర్చున్నవాడు కూడా చెయ్యి కడుక్కుని లేచేవాడట. "ఆగిన మిషను మోసుకొచ్చిన మనిషిని రేపు రమ్మనకూడదు, వాడి పొయ్యి ఈరోజే వెలగాలి" అనేవాడట. దెమ్యానా తల్లి ఆమె చిన్నప్పుడే పోయింది. బడి అయ్యాక ఆ కొట్లోనే నేల మీద కూర్చుని, నాన్నకు స్క్రూలు అందిస్తూ చదువుకుంది. ఆయన మాట ఆమె ఒంట్లో అలాగే ఇంకిపోయింది. డ్యూటీ మార్చుకోమని ఎవరడిగినా, పసివాడికి నరం దొరకడం లేదు ఒకసారి వస్తావా అని పక్క వార్డు వాళ్ళు పిలిచినా, ఆమె నోట ఒకటే మాట వచ్చేది. "నేనున్నాగా."

ఆ మాట అన్నిటికన్నా ఎక్కువగా రంజాన్ నెలలో వినబడేది. నలుగురిలో క్రైస్తవురాలు ఆమె ఒక్కతే. సాయంత్రం ఉపవాసం విరమించమని ఫిరంగి మోగే వేళకు మేం నోరు పిడచకట్టుకుపోయి, గడియారం వంక చూస్తూ, ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ ఉంటాం. "వెళ్ళండి, వెళ్ళి తినండి, నేనున్నాగా" అని మమ్మల్ని వార్డులోంచి బయటికి తోసేది. మేం డ్యూటీ గదిలో నేల మీద పాత పేపర్లు పరిచి, ఖర్జూరాలూ సూపూ అన్నమూ ముందేసుకుని కూర్చుంటే, హాజిమ్ మూడోసారి వడ్డించుకునే దాకా లేచేవాళ్ళం కాదు. బదులుగా ఆమె క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మేం ఆమెను గుమ్మం దాటించి, డ్యూటీ మేం చేసేవాళ్ళం. ఈ ఏర్పాటు ఎవరూ కూర్చుని పెట్టింది కాదు. మా ముందువాళ్ళూ ఇలాగే చేశారు, వాళ్ళ ముందువాళ్ళూ ఇలాగే చేశారు.

"ఒసే, నీకు లెక్కలు రావా? మా నెలంతా నువ్వు, నీ రెండు రాత్రులకి మేమూనా? ఇదేం బేరం?" అని ఒకసారి అడిగాను. అప్పుడు నా నోట్లో ఆమె నా కోసం దాచిపెట్టిన కునాఫా మిఠాయి ముక్క ఉంది. అయినా అడిగాను.

"బేరమాడితే అది పండగెలా అవుతుందే? బజారవుతుంది" అంది.

"అడగందే అమ్మయినా పెట్టదు. నీకేం కావాలో ఒక్కసారైనా నోరు తెరిచి అడుగు."

"నాకు అమ్మ లేదుగా" అని నవ్వేసి, సెలైన్ మార్చడానికి వెళ్ళిపోయింది.

నేను మిగిలిన కునాఫా తినేశాను.

అంతకు ముందు చలికాలంలో కైరో నుంచి ఒక పెద్దాయన వచ్చి, యువ డాక్టర్లకు శిక్షణ అంటూ ఒక క్లాసు పెట్టాడు. పనికీ జీవితానికీ సమతూకం, మీ మీద మీకు నమ్మకం, తక్కువ సమయంలో ఎక్కువ పని, ఇవీ విషయాలు. తెర మీద గుండ్రటి బొమ్మ వేసి ముక్కలుగా కోశాడు. ఇది ఉద్యోగం, ఇది కుటుంబం, ఇది ఆరోగ్యం, ఇది మీకోసం మీరు. ముక్కలన్నీ సమానంగా ఉండాలట. "పిజ్జా బాగుంది, ఎప్పుడు పెడతారో" అని హాజిమ్ నా చెవిలో అన్నాడు. కాదు అనే మాటను అద్దం ముందు నిలబడి రోజూ సాధన చెయ్యమని కూడా ఆయన చెప్పాడు. చివర్లో తలా ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. దెమ్యానాకు ఇవ్వలేదు. మేం ముగ్గురం ఆ క్లాసులో కూర్చున్నంతసేపూ వార్డు చూసుకున్నది ఆమే కదా.

నేను ఆ సర్టిఫికెట్ ఊపుకుంటూ వచ్చి, విన్న నీతులన్నీ ఆమెకు అప్పజెప్పాను. "అద్దంలోకి చూసి కాదు అను, చూద్దాం" అన్నాను. చేతులు కడుక్కునే తొట్టి పైన మాకొక అద్దం ఉంది, ఏ పొడుగువాడు బిగించాడో గాని ఎత్తులో ఉంది. దెమ్యానా మునివేళ్ళ మీద నిలబడి చూసింది. నుదురు మాత్రమే కనబడింది.

"నా నోరే కనబడట్లేదు, ఎలా అనను?" అంది.

ఇలాంటి మనిషికి కిరొల్లోస్ దొరకడం దేవుడి దయ. బళ్ళో కెమిస్ట్రీ మాస్టారు, నెమ్మదస్తుడు. ఆమె డ్యూటీ దిగేదాకా ఆస్పత్రి గేటు బయట వేయించిన సెనగలు నములుతూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటాడు. ఎంత ఆలస్యమైనా "ఈరోజు ఎంతమంది పాషాగార్లు ఇంటికెళ్ళారు?" అనే అడుగుతాడు తప్ప ఎందుకింత ఆలస్యం అనడు. అతని తల్లి ఫెరియాల్ అత్త మాత్రం నెమ్మదస్తురాలు కాదు. కాకపోవడంలో ఆవిడ తప్పూ లేదు. ఉంగరాలు మార్చుకునే రోజు రెండుసార్లు నిశ్చయమై రెండుసార్లూ తప్పిపోయింది. మొదటిసారి పసిపిల్లల దగ్గుల రద్దీ, వార్డులో మంచానికిద్దరు. రెండోసారి హాజిమ్ వాళ్ళ నాన్న పోయాడు, ఆ వారమంతా అతని డ్యూటీ దెమ్యానా చేసింది. అందుకే వాయిదా పడిందని హాజిమ్‌కి చెప్పొద్దని నా చేతా నిహాల్ చేతా ఒట్టు వేయించుకుంది.

మూడోసారి రోజు పెట్టుకున్నప్పుడు ఫెరియాల్ అత్త నా ఎదురుగానే చెప్పేసింది. "అమ్మాయ్, నీ మీద నాకు కోపం లేదు. కానీ రెండుసార్లు చుట్టాలందర్నీ పిలిచాను, రెండుసార్లూ ఫోన్లు చేసి రావద్దన్నాను. నలుగురూ నవ్వుతున్నారు. ఈసారీ తప్పితే ఇంక మాటల్లేవు. నువ్వు ఆ ఆస్పత్రినే కట్టుకో, నా కొడుక్కి నేను వేరే పిల్లని చూసుకుంటా."

"అమ్మా" అన్నాడు కిరొల్లోస్.

"అమ్మా లేదు, గిమ్మా లేదు" అంది ఆవిడ.

అందుకని దెమ్యానా ఈసారి ఆస్పత్రిలో ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. నాకొక్కదానికే చెప్పింది. ఈద్ మూడు రోజులూ అయిన మర్నాడు, శుక్రవారం సాయంత్రం, చర్చి హాల్లో. "మా అమ్మ నిలబడాల్సిన చోట నువ్వు నిలబడాలి. నువ్వు పక్కన లేకపోతే ఉంగరం తొడుక్కోను" అంది. నేను ఏడ్చాను. కోపం వచ్చినా ఏడుస్తాను కాబట్టి దేనికి ఏడ్చానో ఆమెకు తెలిసిందో లేదో.

ఈద్ మూడు రోజుల డ్యూటీ ఎప్పటిలాగే ఆమె తీసుకుంది. గోడ మీది బోర్డులో హాజిమ్ పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. మొదటి రోజు దెమ్యానా, రెండో రోజు దెమ్యానా, మూడో రోజు దెమ్యానా. తేదీలు వెయ్యలేదు. మా దగ్గర ఎవరూ వెయ్యరు. పండగ ఎప్పుడో నెలవంక చెప్పాలి, మనం ముందే రాసి ఏం లాభం? అయినా ఈసారి పండగ మంగళవారమేనని ఊరంతా తీర్మానించేసుకుంది. మంగళ, బుధ, గురు. శుక్రవారం ఖాళీ. దెమ్యానా లెక్కా అదే.

సోమవారం సాయంత్రం ఉపవాసం విరమించి అందరం డ్యూటీ గదిలో టీవీ ముందు చేరాం. నెలవంక కనబడలేదని, రేపు కూడా ఉపవాసమేనని, పండగ బుధవారమని ముఫ్తీగారు ప్రకటించారు.

"చచ్చాం! నా బస్సు టిక్కెట్టు!" అని హాజిమ్ నెత్తి కొట్టుకున్నాడు.

"పొరుగు దేశం వాళ్ళకి కనబడిందట, మనకే ఎందుకు కనబడదు? మనవాళ్ళకి ముందు కళ్ళజోళ్ళు కొనిపెట్టాలి" అని నేను అరిచాను. నిహాల్ రేపటి గురించి ఆలోచనలో పడింది. దెమ్యానా చేతిలో బిస్కెట్‌తో గుమ్మంలో నిలబడి వింటోంది.

"అయితే రేపు కూడా వచ్చి తినండి, నేనున్నాగా" అంది.

అందరం చప్పట్లు కొట్టాం. ఆమె ఆ బిస్కెట్ తినకుండానే జేబులో పెట్టుకుంది. అది నేను చూశాను. చూసి, ఆకలి లేదేమో అనుకున్నాను.

మర్నాడు ఇంట్లో ఈద్ బిస్కెట్లకు పిండి కలుపుతున్నాను. నా కూతురు లుజైన్ పక్కనే కూర్చుని వేళ్ళు లెక్కబెడుతోంది. పండగకు దాన్ని రాస్ అల్‌బర్ తీసుకెళ్ళి సముద్రం చూపిస్తానని మాటిచ్చాను. "బుధవారం మొదటి రోజు సముద్రం, గురువారం రెండో రోజు సముద్రం, శుక్రవారం మూడో రోజు సముద్రం" అంది అది.

"శుక్రవారం మధ్యాహ్నానికే వచ్చెయ్యాలమ్మా, సాయంత్రం దెమ్యానా పిన్నికి ఉంగరం తొడుగుతారు" అన్నాను. అంటూండగానే నా చెయ్యి పిండిలో ఆగిపోయింది. శుక్రవారం మూడో రోజు. మూడో రోజు దెమ్యానా.

పిండి చేతులతోనే ఫోన్ చేశాను.

"ఒసే, శుక్రవారం మూడో రోజే!"

"తెలుసు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"టీవీలో చెప్పినప్పటి నుంచి."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావే? మా చేత చప్పట్లు కూడా కొట్టించుకున్నావు!"

"హాజిమ్ అప్పటికే వాళ్ళమ్మకి ఫోన్ చేసి, మూడు రోజులూ నీ దగ్గరే ఉంటానని చెబుతున్నాడు. వాళ్ళ నాన్న పోయాక ఆవిడకి ఇదే మొదటి ఈద్. నిహాల్ వాళ్ళ చెల్లెలు పురిటికొచ్చింది. మూడు రోజులూ నేను చేస్తానని మాటిచ్చాను రబాబ్."

"నువ్వు మాటిచ్చింది గురువారం దాకా. నెలవంక నిన్నడిగి ఆగిందా?"

"మాట మాటే."

"సరే, మూడో రోజు నేనొస్తా."

"నువ్విక్కడికొస్తే అక్కడ నా పక్కన ఎవరుంటారు?"

ఆ మాటకి ఆమె గొంతు కాస్త వణికింది. నాలుగేళ్ళలో ఆ గొంతు వణకడం నేను వినలేదు.

"అయితే వాళ్ళిద్దర్నీ అడుగు. గ్రూపులో పెట్టు. ఎవడో పిల్లాడికి మందు కావాలంటే ఊళ్ళో షాపులన్నీ తిరిగి బతిమాలి తెస్తావు కదా, నీ కోసం ఒక్క ముక్క అడగలేవా?"

"వాడికి అవసరం కదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు లేదా అవసరం? ఆ కిరొల్లోస్ గేటు దగ్గర సెనగలు నముల్తూ ముసలాడైపోవాలా? నువ్వు అడక్కపోతే నేనే రాస్తా. నీ రెండు వాయిదాల కథా కలిపి మరీ రాస్తా. ఒట్టూ లేదు, గిట్టూ లేదు!"

అచ్చం ఫెరియాల్ అత్తలా మాట్లాడానని తర్వాత నాకే నవ్వొచ్చింది. కానీ ఆ బెదిరింపు పనిచేసింది.

బుధవారం పండగ నమాజు అయ్యి, మేం రాస్ అల్‌బర్ చేరి, లుజైన్ కాళ్ళు ఇసకలో పెట్టగానే ఫోన్ మోగింది. గ్రూపులో ఆమె సందేశం. "అందరికీ ఈద్ ముబారక్. శుక్రవారం సాయంత్రం నా నిశ్చితార్థం. మూడో రోజు డ్యూటీ నేను చెయ్యలేను. మీలో ఎవరైనా ఆ కాసేపు రాగలరా? నా కోసం అడుగుతున్నాను." తెల్లారినప్పటి నుంచీ రాస్తూ చెరుపుతూ కూర్చుందట. ఎవరికమ్మా అంత పెద్ద మందుల చీటీ అని నర్సు కూడా అడిగిందట.

నేను ఫోన్ చేతిలో పట్టుకుని జవాబుల కోసం చూశాను. హాజిమ్ చదివాడు. నిహాల్ చదివింది. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది, లేదు. నాకు నోరు ఊరుకోక వాళ్ళిద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాను. ఎత్తలేదు. హాజిమ్‌ని అక్కడే సముద్రం ఎదురుగా నిలబడి తిట్టాను. అతను తిన్న ప్రతి ఇఫ్తారూ పేరుపేరునా గుర్తుచేసి తిట్టాను. లుజైన్ బెదిరిపోయి వాళ్ళ నాన్న వెనక దాక్కుంది.

గురువారం దెమ్యానాయే ఫోన్ చేసింది. "ఎవరూ పలకలేదు. అడక్కుండా ఉండాల్సింది రబాబ్. అడక్కముందు, అడిగితే వస్తారేమో అనుకునే వీలైనా ఉండేది."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. అప్పటిదాకా ఆమెకు అడగడం రాదనుకున్నాను. జవాబు ఏమొస్తుందోనన్న భయంతోనే అడగడం లేదని నాకు తట్టలేదు.

"కిరొల్లోస్‌కి చెప్పావా?"

"రేపు మధ్యాహ్నం చెబుతా. ఆ తర్వాత అత్తయ్యకి నేనే చెబుతా. ఇంకొకళ్ళతో చెప్పించడం మర్యాద కాదు."

"చెప్పకు. రేపు మధ్యాహ్నం దాకా ఎవరికీ ఏం చెప్పకు" అని ఫోన్ పెట్టేశాను. మూడో రోజు డ్యూటీ నేనే వెళ్ళి చేద్దామనుకున్నాను; ఆమె పక్కన నేను నిలబడలేకపోతే పోయె, నిశ్చితార్థమైనా జరుగుతుంది. శుక్రవారం పొద్దున్నే మా ఆయన షెరీఫ్‌తో ఆ మాట చెప్పబోయాను. అతను అప్పటికే నా సంచి గుమ్మం దగ్గర పెట్టి ఉన్నాడు.

"వెళ్ళు తల్లీ, వెళ్ళు. నిన్నటి నుంచీ నీ మొహం చూసి సముద్రమే వెనక్కి పోతోంది" అన్నాడు.

తాంతాలో దిగి, ఆస్పత్రి మెట్లెక్కుతుండగా పైనుంచి హాజిమ్ గొంతు వినబడింది. నా చెవులు నేనే నమ్మలేదు.

"ముందొచ్చింది నేను! మా అమ్మ బిస్కెట్ల డబ్బా సాక్షి!"

వార్డులోకి వెళ్ళేసరికి హాజిమ్ ఒక చేత్తో పెద్ద రేకు డబ్బా, ఇంకో చేత్తో తెల్లకోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా నిహాల్, అప్పటికే కోటు తొడుక్కుని, మెళ్ళో స్టెతస్కోపుతో. మధ్యలో దెమ్యానా, జుట్టుకు గాజుగుడ్డ, ఒకళ్ళ మొహం తర్వాత ఒకళ్ళ మొహం చూస్తోంది. నన్ను చూడగానే ముగ్గురూ ఒకేసారి "నువ్వెందుకొచ్చావు?" అన్నారు.

"మీరు రారని వచ్చాను!" అని అరిచాను. "జవాబెందుకివ్వలేదయ్యా నువ్వు? ఫోనెందుకు ఎత్తలేదు?"

"నువ్వు తిడతావని ఎత్తలేదు" అన్నాడు హాజిమ్. "మొదట నిహాల్ వస్తానంటుందిలే అని చూశాను."

"హాజిమ్ అంటాడేమోనని నేను చూశాను" అంది నిహాల్. "కాస్త ఆలోచించి చెబుదామనుకున్నాను. ఈలోపు రోజు గడిచిపోయింది. రోజంతా పలక్కుండా ఉండి ఆ తర్వాత వస్తానని రాస్తే సిగ్గుగా ఉండదూ? అందుకని రాయకుండా వచ్చేశాను."

"నేనూ అంతే" అన్నాడు హాజిమ్. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

దెమ్యానా మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. నవ్వుతోందనుకున్నాను, కాదు, ఏడుస్తోంది. "అడిగితే వస్తారన్నమాట" అంది. "అడిగితే మీరు వస్తారు."

ఆమెంటే మాకు ప్రాణం. అయినా ఆమె అడగకపోయి ఉంటే వాళ్ళిద్దరికీ ఇదేదీ తెలిసేదే కాదు. హాజిమ్ వాళ్ళమ్మ దగ్గర ఉండేవాడు, నిహాల్ వాళ్ళ చెల్లెలి దగ్గర. ఎప్పుడూ ఇచ్చే మనిషికి ఏమీ అక్కర్లేదనుకోవడం మాకు అలవాటైపోయింది.

చివరికి హాజిమ్ డబ్బా బల్ల మీద పెట్టి కోటు తొడుక్కున్నాడు. "నేనుంటాను. ఇంకెవరూ మాట్లాడొద్దు. మా నాన్న పోయిన వారం ఏం వాయిదా పడిందో నాకు తెలుసు. నిహాల్ చెప్పింది."

"ఒట్టేశావు కదే!" అంది దెమ్యానా.

"ఆర్నెల్లు ఆలోచించే చెప్పాను" అంది నిహాల్.

ఇక ఆమెను బయటికి తీసుకెళ్ళడం ఇంకో యుద్ధం. ప్రతి మంచం దగ్గరా ఆగింది. ఈ పాషాగారికి మందు చేదు, చెంచాతో కాదు, సిరంజితో బుగ్గలో పొయ్యాలి. ఆ పాషాగారి తల్లికి భయమెక్కువ, జ్వరం ఎంతో చెప్పే ముందు మొహం నవ్వుతూ పెట్టుకోవాలి. హాజిమ్ బుద్ధిగా తలూపాడు. నేను ఆమె మెళ్ళోంచి స్టెతస్కోపు లాక్కుని, రెక్క పట్టుకుని మెట్లు దింపాను. కిందకి వెళ్ళాక "ఒక్కటి చెప్పడం మర్చిపోయానే" అంది. "ఫోన్లో చెబుదువుగాని, నడు" అన్నాను.

సాయంత్రం చర్చి హాల్లో ఆమెను చూసి వజీహ్ మామ గుర్తుపట్టలేనట్టు నిలబడిపోయాడు. లేత నీలం గౌను, మొహానికి కాస్త రంగు. జుట్టు నిహాల్ అందంగా పైకి ముడేసింది, లోపల మాత్రం ఆ గాజుగుడ్డే ఉంది, పిన్నులు చాలలేదు. ఫెరియాల్ అత్త తలుపు దగ్గర కాపలా ఉన్నట్టు నిలబడి, మేం లోపలికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టింది. దెమ్యానాను చూశాక మొదటి మాటగా "భోంచేశావా?" అని అడిగింది. కిరొల్లోస్ ఉంగరం తొడిగాడు. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ వేసే మంగళకేకలతో హాలు దద్దరిల్లింది. వాళ్ళమ్మ నిలబడాల్సిన చోట నేను నిలబడ్డాను. ఏడవకూడదనుకుని ఏడ్చాను.

అప్పుడే పక్క మసీదులోంచి సాయంత్రం అజాన్ వినబడింది, దాంతో పాటే నా ఫోన్ మోగింది. వీడియో కాల్, హాజిమ్. తెర మీద ముందు కప్పు, తర్వాత అతని చెవి, తర్వాత ఎలాగో మొత్తం మనిషీ కనబడ్డాడు. రెండు చేతుల్లో ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఏడుస్తున్నారు.

"రబాబ్! ఈ తల్లులు నాకు పిల్లల్నిచ్చేస్తున్నారేంటి? అజాన్ వినబడటం పాపం, వరసగా తెచ్చి చేతుల్లో పెడుతున్నారు!"

వెనకనుంచి ఒక తల్లి గొంతు వినబడింది. "రోజూ ఈ వేళకి మా డాక్టరమ్మ ఎత్తుకునేదయ్యా. రంజాన్ నెలంతా మా ఇఫ్తార్ అప్పుడు వార్డంతా ఆవిడే తిరిగేది, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని భుజానేసుకుని. నెల రోజులూ రెండు చేతులతో తిన్నామంటే ఆవిడ చలవే. అలవాటైపోయింది, ఏమనుకోకు బాబూ."

నేను దెమ్యానా వైపు తిరిగాను. ఈ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. ఆ వేళకి మేం డ్యూటీ గదిలో ఉండేవాళ్ళం కదా, మా సూపూ మా ఖర్జూరాలూ ముందేసుకుని.

"అదే చెప్పడం మర్చిపోయాను" అంది దెమ్యానా. ఆమె మొహంలో కంగారు. "ఎడమవైపు బాబుకి దగ్గు, వాణ్ణి నిటారుగా పట్టుకోవాలి..."

ఫెరియాల్ అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. తెర మీద ఆ పెద్ద మనిషినీ, ఆ ఇద్దరు పిల్లల్నీ కాసేపు చూసింది. తర్వాత దెమ్యానాను చూసింది, రెండు వాయిదాలకూ కారణం అప్పుడే ఎదురుగా కనబడినట్టు. మళ్ళీ ఫోన్లోకి వంగింది.

"ఏం బాబూ, గోధుమ బస్తాలు మోస్తున్నావా? తల కింద చెయ్యి పెట్టు! అదీ. వాణ్ణి భుజాన వేసుకుని వీపు నిమురు. నెమ్మదిగా!"

"అలాగేనత్తా" అన్నాడు హాజిమ్. ఒక ఏడుపు ఆగింది. రెండోది ఆగలేదు.

దెమ్యానా కుర్చీలోంచి లేచింది. గౌను అంచు చేత్తో పైకెత్తుకుంది, గుమ్మం వైపు చూసింది. "ఒక్క పది నిమిషాలు అత్తయ్యా, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను" అంది. కిరొల్లోస్ ఆగమని అనలేదు, అతనెప్పుడూ అనడు.

అన్నది హాజిమ్. ఫోన్లోంచి వచ్చిన ఆ గొంతు హాలు చివరిదాకా వినబడింది.

"కూర్చోమ్మా దెమ్యానా, నేనున్నాగా!"

దెమ్యానా నిలబడే ఉంది. ఒకసారి ఫోన్ వంక చూసింది, ఒకసారి నా వంక చూసింది. తర్వాత గౌను అంచు వదిలేసి కూర్చుంది.